జియలాజికల్ సర్వేకు రాయి పంపాలన్నా, నిపుణుల్ని రప్పించాలన్నా: దరఖాస్తు విధానం

జియలాజికల్ సర్వే, అంటే దేశపు భూగర్భ పరిశోధన సంస్థ, ఇచ్చే దరఖాస్తు ఫారంలో 'కోరిన పరీక్ష' అన్న గడిలో "ఈ రాయిలో ఏమున్నాయో చెప్పగలరు" అని రాస్తే ఆ ఫారం ప్రశ్నలతో తిరిగొస్తుంది. రాయిలో లేనిదేముంది? మెత్తగా పొడిచేసి పట్టుదలగా వెతికితే ప్రకృతిలో ఉన్న మూలకాల్లో చాలావాటి జాడ అంతో ఇంతో దొరుకుతుంది. కాబట్టి ఫారం కంటే ముందు తేల్చుకోవాల్సింది మీ ప్రశ్న. ఈ సున్నపురాయి సిమెంటుకు పనికొస్తుందా? ఈ క్వార్ట్జ్ తీగలో (రాతి పగులులో పేరుకున్న క్వార్ట్జ్ పట్టీలో) బంగారం టన్నుకు ఎన్ని గ్రాములు? ఈ కొండవాలు మీద కట్టడం నిలుస్తుందా? ప్రశ్న ఇంత సూటిగా ఉంటే ఏ పరీక్ష చేయాలో ప్రయోగశాల వాళ్లే చెబుతారు.

అసలు ఈ సంస్థలు పుట్టింది బయటివాళ్ల శాంపిళ్ల కోసం కాదు. బ్రిటన్‌లో 1835లో, భారత్‌లో 1851లో, అమెరికాలో 1879లో మొదలైన జియలాజికల్ సర్వేలన్నిటికీ మొదటి పని తమ దేశపు నేలను మ్యాపులకెక్కించడం, ఖనిజాల ఆనవాళ్లు పట్టుకోవడం. రుసుము తీసుకుని బయటివాళ్లకు చేసే పని ఆ తర్వాతిదే. సొంత ఫీల్డ్ సీజన్ ముగిసి వేల సంచులు ల్యాబ్‌కు చేరే రోజుల్లో మీ పది సంచులు వరసలో వెనక్కే పోతాయి. వారంలో ఫలితం కావాల్సినవాళ్లు ప్రైవేటు ల్యాబ్ చూసుకోవడం మేలు. తొందర లేకుండా నమ్మకమైన సంఖ్య కావాలంటే, లేదా డ్రిల్లింగు నుంచి సూక్ష్మదర్శిని దాకా ఒకేచోట జరగాలంటే సర్వే దగ్గరికి వెళ్లండి.

ఏ ప్రశ్నకు ఏ పరీక్ష

ఇక్కడ తప్పితే డబ్బూ కాలమూ రెండూ పోతాయి, అందుకని కాస్త నిదానంగా చూద్దాం.

సిలికా, అల్యూమినా, ఇనుము, కాల్షియం, మెగ్నీషియం వంటివి శాతాల్లో కావాలంటే ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్‌రేలతో మూలకాల్ని కొలిచే పద్ధతి) చాలు. సిమెంటు సున్నపురాయికి దీంతోపాటు పొడిని దాదాపు వెయ్యి డిగ్రీల దగ్గర కాల్చి ఎంత బరువు తగ్గిందో చూసే పరీక్ష కూడా అడగాలి. ఆ తగ్గిన బరువులో ఎక్కువ భాగం రాయిలోంచి లేచిపోయిన కార్బన్ డయాక్సైడే. అయితే లిథియం కోసం ఎక్స్‌ఆర్‌ఎఫ్ అడిగితే అది వృథా ఖర్చు, అంత తేలిక మూలకాన్ని ఆ యంత్రం పట్టుకోలేదు. లిథియానికీ, అతి తక్కువ మోతాదులో ఉండే అరుదైన మూలకాలకూ ఐసీపీ పరికరాలు (ద్రావణాన్ని అతివేడి ప్లాస్మాలోకి పంపి మూలకాల్ని కొలిచేవి) కావాలి.

ఐసీపీలో పొడిని ముందు ద్రావణం చేయాలి. నాలుగు ఆమ్లాలు కలిపి మరిగించినా జిర్కాన్, క్రోమైట్ లాంటి మొండి ఖనిజాలు పూర్తిగా కరగవు. కరగనిది లెక్కకు రాదు కాబట్టి జిర్కోనియం, క్రోమియం అసలున్నదానికంటే తక్కువగా కనిపిస్తాయి. వాటి కోసమే వెళ్తున్నట్లయితే క్షారంతో కరిగించే ఫ్యూజన్ పద్ధతి కావాలని ఫారంలోనే రాయండి. ఇలాంటిదే ఇంకొకటుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. నూరే గిన్నె కూడా శాంపిల్‌లో కొంత కలుస్తుంది. టంగ్‌స్టన్ కార్బైడ్ గిన్నె టంగ్‌స్టన్‌నూ కోబాల్టునూ వదులుతుంది, ఉక్కు గిన్నె ఇనుమునూ క్రోమియాన్నీ వదులుతుంది. కోబాల్టు వెతికేవాళ్లు "అగేట్ గిన్నెలో నూరగలరు" అని ఒక్క ముక్క రాస్తే చాలు (అగేట్ అంటే గట్టి సిలికా రాయి).

బంగారానికి ఫైర్ అసే. ముప్పై లేదా యాభై గ్రాముల పొడిని సీసపు సమ్మేళనంతో కరిగిస్తే, సీసం బంగారాన్ని కూడగట్టుకుని అడుగున గుండులా చేరుతుంది. సీసాన్ని పోగొట్టి మిగిలినదాన్ని కొలుస్తారు. పద్ధతి శతాబ్దాల నాటిది, ఇప్పటికీ దీని మీదే నమ్మకం.

రాయి పేరు తెలియాలంటే రసాయన విశ్లేషణ కంటే థిన్ సెక్షన్ నయం. రాతి ముక్కను గాజు పలక మీద అంటించి 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. బంకమట్టిలో ఏ ఖనిజముందో చెప్పేది ఎక్స్‌రే డిఫ్రాక్షన్. వయసు కట్టించాలంటే ముందు ల్యాబ్‌తో మాట్లాడాకే తవ్వండి: రేడియోకార్బన్ దాదాపు యాభై వేల ఏళ్లకు మించి చెప్పలేదు, అదీ బొగ్గు, చెక్క, గవ్వ వంటి ఒకప్పుడు ప్రాణమున్న పదార్థానికే. పాత రాళ్లకు జిర్కాన్ గింజలనో, వాతావరణానికి పాడవని తాజా రాయినో పంపాలి.

కొన్నిటికి దరఖాస్తే అక్కర్లేదు. పసుపుగా మెరిసే రాయి దొరికితే దాన్ని మెరుపు పూత లేని పింగాణీ పలక మీద గీసి చూడండి. నల్లటి గీత పడిందంటే అది బంగారం కాదు, చాలావరకు పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) అయి ఉంటుంది. బంగారమైతే పసుపు గీతే పడుతుంది. ఉల్కలని పంపే బరువైన నల్ల రాళ్లలో చాలావరకు కొలిమి చిట్టెమో, ఇనుప ఖనిజమో అవుతుంటాయి.

సంచి కట్టడం

ఫారం ఎంత చక్కగా నింపినా సంచిలో ఉన్నదానికే ఫలితం వస్తుంది. గని గోడ మీద బాగా మెరిసే చోటు చూసి ఒక ముక్క కొట్టి పంపితే ఆ సంఖ్య ఆ ముక్కదే, గనిది కాదు. తీగకు అడ్డంగా ఈ అంచు నుంచి ఆ అంచుకు సమంగా గాడి కొట్టి రాల్చిన రాయిని శాంపిల్‌గా తీసుకోండి. అది ఎక్కువైతే చిన్న ముక్కలుగా పగలగొట్టి, పోగు పోసి, నాలుగు పాళ్లు చేసి, ఎదురెదురు పాళ్లు రెండు ఉంచుకుని మిగతావి పక్కన పెట్టండి. తగినంత తగ్గేదాకా ఇలాగే చేయాలి. మామూలు రాతికి ఒకటి నుంచి రెండు కిలోలు సరిపోతుంది. బంగారం ముతక రేణువులుగా ఉండే చోట మాత్రం ఎక్కువ పంపాలి, ఎందుకంటే ఒక్క రేణువు పడినా, తప్పినా సంఖ్య తారుమారవుతుంది.

డ్రిల్ కోర్ (డ్రిల్లింగులో బయటికి తీసే గుండ్రటి రాతి కడ్డీ) అయితే పొడవునా రెండుగా కోసి ఒక సగమే పంపండి, రెండో సగం పెట్టెలో ఉండాలి. ఇండోనేషియాలోని బుసాంగ్‌లో బ్రె-ఎక్స్ కంపెనీ కోర్ మొత్తాన్నీ పొడి చేయించింది. శాంపిళ్లలో బయటి బంగారం కలిపారని 1997లో స్వతంత్ర తనిఖీలో తేలింది. సగం కోర్ మిగిలి ఉంటే ఆ మోసాన్ని ఎప్పుడో సరిచూడగలిగేవారు.

సంచి లోపల ఒక చీటీ, బయట ఒక చీటీ, రెండింటి మీదా ఒకే నంబరు. మొదట్లో నేను బాల్‌పాయింట్ పెన్నుతో రాసిన సంచులు తడిసి, నంబర్లు చెదిరిపోయి, మళ్లీ కొండెక్కాల్సొచ్చింది. పెన్సిలో, శాశ్వత మార్కరో వాడండి. పదిహేను ఇరవై శాంపిళ్లకొకసారి, ఒకే చోట తీసిన శాంపిల్‌ను రెండు నంబర్లతో పంపండి. ల్యాబ్ తన తనిఖీలు తాను చేసుకుంటుంది, ఇది మీ తనిఖీ.

నీళ్లైతే రెండు సీసాలు. లోహాల కోసం 0.45 మైక్రాన్ల వడపోతలోంచి దింపి నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేసిన సీసా ఒకటి, క్లోరైడు, సల్ఫేటు వంటివాటికి ఆమ్లం కలపనిది ఇంకొకటి. పీహెచ్, ఉష్ణోగ్రత అక్కడికక్కడే కొలిచి రాసుకోవాలి, ల్యాబ్‌కు చేరేసరికి అవి మారిపోతాయి.

ఫారం, రుసుము

ఫారంలో అడిగేవి మామూలే: పేరు, చిరునామా, శాంపిళ్ల సంఖ్య, ఒక్కొక్కదాని రకం, తీసిన చోటు, తేదీ, కోరిన పరీక్ష, ఎందుకు కావాలన్నది. చోటు అంటే ఊరి పేరొక్కటే చాలదు, అక్షాంశ రేఖాంశాలు కావాలి. అవి ఏ డేటమ్ (అక్షాంశ రేఖాంశాల్ని లెక్కించే ఆధారం) మీద తీసినవో కూడా రాయండి. జీపీఎస్ మామూలుగా డబ్ల్యూజీఎస్ 84 చూపిస్తుంది, పాత టోపోషీట్లు వేరే డేటమ్ మీద ఉండొచ్చు. రెండూ కలిపేస్తే మీ బిందువు వందల మీటర్లు పక్కకు జరిగిపోతుంది.

రేడియోధార్మికత, ఆస్బెస్టాస్ అనుమానమున్నా దాచకండి, ఆ పొడి పీల్చేది అక్కడ పనిచేసేవాళ్లే. మట్టిని దేశం దాటించాలంటే చాలాచోట్ల క్వారంటైన్ అనుమతి కావాలి, అది లేకపోతే పార్శిల్ దారిలోనే ఆగిపోతుంది.

దరఖాస్తు చేరాక అంచనా పత్రం వస్తుంది. రుసుము శాంపిల్‌కు ఇంతనో, మూలకానికి ఇంతనో ఉంటుంది. ఎండబెట్టడం, నూరడం లాంటి తయారీ పనికి వేరే లెక్క. మొత్తం చూసి కంగారు పడి పరీక్షలు తగ్గించేముందు తయారీ ఖర్చు విడిగా ఎంతో చూడండి. ఒకసారి నూరించిన పొడికి తర్వాత ఇంకో పరీక్ష కలపడం చవక. మామూలుగా సొమ్ము ముందే కట్టాలి, రసీదు అందాకే శాంపిల్‌కు ల్యాబ్ నంబరు పడుతుంది. తర్వాత ఏం అడగాలన్నా ఆ నంబరుతోనే అడగాలి.

మనుషులు రావాలంటే

ఫీల్డ్ సేవలకు దరఖాస్తు ఉత్తరంలా ఉంటుంది. మ్యాపింగ్, బోరు డ్రిల్లింగు, విద్యుత్ నిరోధక సర్వే (నేలలోకి కరెంటు పంపి లోపలి పొరల్ని అంచనా కట్టేది), భూకంప తరంగ సర్వే, ఆనకట్ట పునాదుల పరిశీలన, కొండచరియల అంచనా వంటివి ఇందులోకి వస్తాయి. ఉత్తరంతోపాటు హద్దులు గీసిన మ్యాపు, భూమి యజమాని అనుమతి, అడవిలోనైతే అటవీ శాఖ అనుమతి జతచేయాలి. వాళ్లు వచ్చాక గేటు దగ్గర తగువు పడితే ఆ రోజు కూలీ, వాహనం మీ ఖాతాలోకే.

విద్యుత్ సర్వేకు జాగా చూసుకోండి. వంద మీటర్ల లోతు దాకా చూడాలంటే తీగల్ని ఇంచుమించు నాలుగైదు వందల మీటర్ల పొడవునా వరసగా పరవాలి. పక్కనే ఇనుప కంచె, భూమిలో పైపులు, కరెంటు తీగలుంటే కొలతలు చెడతాయి, అవన్నీ ముందే చెప్పండి. రాడార్ సర్వే అడిగేవాళ్లు తమ నేల బంకమట్టో కాదో చూసుకోవాలి. తడి బంకమట్టిలో రాడార్ తరంగాలు లోతుకు దిగకుండానే అణగిపోతాయి. డ్రిల్లింగులో కోర్ వ్యాసం అడుగుతారు: ఎన్‌క్యూ అంటే 47.6 మిల్లీమీటర్లు, హెచ్‌క్యూ అంటే 63.5. పగుళ్లున్న రాతిలో లావు కోర్ తీస్తేనే ముక్క చెదరకుండా పైకొస్తుంది. నీళ్లు, రిగ్గు ఎక్కే దారి ఎవరు చూడాలన్నది ఒప్పందంలో రాయించుకోండి, పని ఎక్కువగా ఆగేది అక్కడే.

నివేదిక చేతికొచ్చాక

సంఖ్యల పక్కన పద్ధతి పేరు, గుర్తింపు పరిమితి (ఆ పద్ధతి పట్టుకోగల కనీస మోతాదు) ఉన్నాయో లేదో చూడండి. పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు, పీపీబీ అంటే వంద కోట్లలో ఒక వంతు. "5 పీపీబీ కన్నా తక్కువ" అంటే అసలు లేదని కాదు, ఆ పద్ధతికి కనిపించేంత లేదని అర్థం. పది వేల పీపీఎం ఒక శాతం. ఒక పీపీఎం అంటే టన్నుకు ఒక గ్రాము. ఐఎస్ఓ/ఐఈసీ 17025 గుర్తింపు (ప్రయోగశాలల సామర్థ్యానికి అంతర్జాతీయ ప్రమాణం) ప్రయోగశాల మొత్తానికి ఒకేసారి దక్కేది కాదు, ఏ పరీక్షకు ఉంటే ఆ పరీక్షకే వర్తిస్తుంది. కోర్టులోనో టెండరులోనో చూపించాల్సిన నివేదికైతే మీ పరీక్ష ఆ గుర్తింపు ఉన్న పరీక్షల జాబితాలో ఉందో లేదో దరఖాస్తు రోజే అడగండి. "అందిన శాంపిల్‌కు మాత్రమే" అన్న వాక్యం నివేదిక అడుగున ఉంటుంది, దాన్ని చూసి నొచ్చుకోవాల్సిన పనిలేదు, వాళ్లు చూసింది సంచిలోదే. ఆ కాగితంతో తవ్వకం హక్కు రాదు, దానికి లీజు వేరే కార్యాలయంలో.

ఫలితం మీద అనుమానమొస్తే కొత్త రాయి పంపకండి, మొదటి పొడినే మళ్లీ పరీక్షించమనండి. రెండు రాళ్ల మధ్య తేడా, రెండు కొలతల మధ్య తేడా కలిసిపోతే ఏమీ తేలదు. మిగిలిన పొడినీ ముక్కల్నీ ల్యాబ్ కొంతకాలమే ఉంచి తర్వాత పారబోస్తుంది, కాబట్టి గడువు ఎంతో రసీదు మీద చూసుకుని, కావాలంటే వాపసు పంపమని ఫారంలోనే టిక్కు పెట్టండి.