ఎన్‌బీఏ సీజన్ వస్తోంది: హాఫ్‌టైమ్ పందేల దగ్గర జాగ్రత్త

శెనక్కాయలు అమ్మిన డబ్బు చేతికొచ్చే రోజులూ, అమెరికాలో ఎన్‌బీఏ (అక్కడి పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్) మ్యాచ్‌లు మొదలయ్యే రోజులూ మనకు దాదాపు ఒక్కసారే వస్తాయి. అనంతపురంలో ఒక పిల్లాడు, కాలేజీ ఫీజుకని ఇంట్లోవాళ్లు పంపిన డబ్బంతా తెల్లారేలోపు బాస్కెట్‌బాల్ పందేల్లో పోగొట్టాడని ఈ మధ్య విన్నాక ఇది రాస్తున్నా. బెట్టింగ్ చెడ్డదని మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ఆన్‌లైన్ పందేలు నిషేధం, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. అంటే, మీరు గెలిచిన డబ్బు యాప్ ఎగ్గొడితే ఎవరినీ నిలదీయలేరు.

నేను చెప్పేది ఒకటే. హాఫ్‌టైమ్‌కి, అంటే మ్యాచ్ మధ్య విరామానికి, ఏ జట్టు ముందుంటుందో అని కాసి పోగొట్టుకున్న డబ్బును సెకండ్ హాఫ్‌లో రాబట్టాలని చూడొద్దు.

మనవాళ్లను ముంచుతున్నది మొదటి పందెం కాదు, ఈ రెండోదే. క్రికెట్‌లో ఎవరు గెలుస్తారన్న పందెమైతే ఫలితం కోసం మ్యాచ్ అయిపోయేదాకా ఆగాలి. ఇక్కడ 12 నిమిషాల క్వార్టర్లు రెండు ముగిస్తే చాలు, గంట అటూ ఇటూగా తేలిపోతుంది. వెంటనే 15 నిమిషాల విరామం. కడుపు మండుతుంటుంది, నిద్ర ఉండదు, యాప్‌లో సెకండ్ హాఫ్ రేట్లు కనిపిస్తుంటాయి. పోయిన 500 కోసం 1,000, అదీ పోతే 2,000. వరసగా ఆరుసార్లు తప్పితే పోయింది 31,500. ఏడోసారి 32,000 పెట్టి గెలిచారే అనుకోండి, 1.90 రేటుకు (రూపాయి పెడితే ఆ రూపాయితో కలిపి 1.90 వస్తుంది) లాభం 28,800. గెలిచి కూడా నష్టమే! రెట్టింపు చేస్తూ పోతే ఎప్పటికైనా వస్తుందని చెప్పేవాళ్లు ఈ లెక్క వేసి చూడరు.

పోనీ, హాఫ్‌టైమ్‌కి ముందున్న జట్టు మీదే కాస్తే? 1996 నవంబర్‌లో డెన్వర్ మీద 34 పాయింట్లు వెనకబడి విరామానికి వెళ్లిన యూటా జాజ్ జట్టు ఆ మ్యాచ్ గెలిచింది.

మళ్లీ చెప్తున్నా, విరామంలో ఫోన్ ముట్టుకోవద్దు.

ఇక మిగతావి. హాఫ్‌టైమ్‌కి స్కోర్లు సమానమైతే కొన్ని చోట్ల డబ్బు తిరిగిస్తారు, కొన్ని చోట్ల మింగేస్తారు. మీరు చూసే లైవ్ కొన్ని సెకన్లు ఆలస్యం, రేటు మార్చేవాడికి స్కోరు ముందే తెలుసు. టెలిగ్రామ్‌లో 'ఫిక్స్‌డ్ మ్యాచ్' టిప్స్ కొనొద్దు: సగం మందికి ఒక జట్టు పేరు, మిగతా సగానికి రెండో జట్టు పేరు పంపుతారు, గెలిచిన సగం వాణ్ణి దేవుడంటుంది. కమీషన్ ఇస్తామన్నారని మీ బ్యాంక్ అకౌంట్, ఏటీఎం కార్డు ఎవరికీ ఇవ్వొద్దు. అకౌంట్ ఫ్రీజ్ అవుతుంది, కేసు మీ పేరు మీద పడుతుంది. లోన్ యాప్ జోలికి పోవద్దు. అమ్మ నగలు ముట్టుకోవద్దు. స్నేహితుడి యూపీఐ వాడొద్దు. 'ఇంకొంత కడితే మీ డబ్బు విడుదల చేస్తాం' అంటే ఒక్క రూపాయి కూడా కట్టొద్దు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సిగ్గుపడి రేపటికి వాయిదా వేయొద్దు.

ఇంట్లో పెద్దవాళ్లకు: పిల్లాడు తెల్లవారుజామునే లేచి ఫోన్ పట్టుకుంటున్నాడంటే చదువుకే అనుకుని వదిలేయకండి. తెలిసిన రోజు కొట్టొద్దు. ముందు బాకీ ఎంతో, ఎవరికో అడిగి కాగితం మీద రాయించుకోండి. అప్పు తీర్చాల్సి వస్తే డబ్బు వాడి చేతికివ్వకుండా మీరే వెళ్లి కట్టండి.