వెనక బ్రేక్ విడవకపోతే: హ్యాండ్ బ్రేక్ కేబుల్‌ను ముందు చూడండి

కారు న్యూట్రల్‌లో ఉన్నా నెడితే కదలదు. గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్లి దిగేసరికి ఒక వెనక చక్రం మాత్రమే మాడు వాసన వేస్తుంది. ఈ రెండింటిలో ఏది కనిపించినా ఆ చక్రం బ్రేక్ పూర్తిగా విడవడం లేదని అనుమానించాలి. చాలామంది జాకీ కూడా ఎత్తకుండా స్పేర్ పార్టుల దుకాణాలుండే రాణీగంజ్ వెళ్లి బ్రేక్ షూలు (చక్రంతో తిరిగే డ్రమ్ముకు లోపలి నుంచి ఒరుసుకుని ఆపేవి), వీల్ సిలిండర్లు (బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో ఆ షూలను నెట్టేవి) కొనుక్కొస్తారు. అవి మార్చాక కూడా చక్రం పట్టేస్తూనే ఉంటుంది.

ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక భాగాన్ని ఎత్తి స్టాండ్ల మీద నిలిపి, బ్రేక్ పెడల్ మాత్రమే తొక్కి వదిలి చక్రం తిప్పి చూడండి. తర్వాత హ్యాండ్ బ్రేక్ మాత్రమే వేసి, తీసి మళ్లీ తిప్పండి. దేని తర్వాత పట్టేస్తోందో తెలిస్తే సగం పని అయినట్టే. అనుమానం మిగిలితే, పట్టేసి ఉన్నప్పుడే బ్లీడర్‌ను (వీల్ సిలిండర్ వెనక ఆయిల్ బయటికి వదిలే చిన్న మరను) కొద్దిగా వదులు చేయండి. చక్రం విడిపోతే తప్పు బ్రేక్ ఆయిల్ ఒత్తిడిలో ఉంది, విడిపోకపోతే కేబుల్, షూల వైపు ఉంది. రాత్రంతా వానలో నిలిపిన కారు పొద్దున టక్‌మని ఒక్కసారి విడిపోయి, ఆపై మామూలుగా నడిస్తే అది డ్రమ్ము మీది పైపై తుప్పు మాత్రమే, రిపేరు అక్కర్లేదు.

డ్రమ్ము బ్రేకులున్న కార్లలో అందరినీ బోల్తా కొట్టించేది హ్యాండ్ బ్రేక్ కేబుల్. లివర్ పూర్తిగా దిగింది, డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం ఆరింది కాబట్టి బ్రేక్ విడిచిందని నమ్ముతారు. ఆ దీపం చూపేది లివర్ స్థితినే తప్ప చక్రం దగ్గర ఏం జరుగుతోందో కాదు. కేబుల్ తొడుగు చక్రం దగ్గర చిట్లితే వాన నీరు లోపలికి దిగి తీగకు తుప్పు పడుతుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్ వానలకు సెల్లార్లలో మునిగిన కార్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. తుప్పు పట్టిన తీగను లాగడానికి మన చేతి బలం ఉంటుంది గానీ, దాన్ని వెనక్కి తేవాల్సింది డ్రమ్ములోని చిన్న స్ప్రింగులే, వాటి బలం చాలదు.

డ్రమ్ము తీసి, కేబుల్ కొక్కెం తగిలి ఉండే షూ లివర్ పూర్తిగా వెనక్కి వెళ్లి ఆనుకుందో లేదో చూడండి. ఆనకపోతే కారు లోపల హ్యాండ్ బ్రేక్ దగ్గరి నట్టును వదులు చేయండి. అప్పుడు ఆనుకుంటే, అరిగిన షూలను సర్దకుండా ఎవరో కేబుల్‌ను బిగించి సరిపెట్టారన్నమాట. అప్పటికీ ఆనకపోతే కొక్కెం విప్పండి. విప్పగానే షూ లివర్ వెనక్కి వెళితే కేబుల్ లోపలే జామ్ అయింది, మార్చడమే దారి. ఆయిల్ పోస్తే కొన్నాళ్లు కదులుతుంది, తుప్పు మాత్రం అలాగే ఉంటుంది. బిగించేటప్పుడు ముందు షూలను డ్రమ్ముకు సర్ది, కేబుల్‌ను చివర్లో మాత్రమే సర్దండి. ఈ వరస తప్పితే కొత్త కేబుల్ కూడా పట్టేస్తుంది.

వీల్ సిలిండర్ రబ్బరు తొడుగు తడిగా ఉంటే సిలిండర్ మార్చండి. బ్లీడర్ విప్పితేనే చక్రం విడుస్తోంది, సిలిండర్ బాగానే ఉంది అంటే సిలిండర్‌కు ఆయిల్ తెచ్చే రబ్బరు హోస్ లోపల ఉబ్బి ఉండవచ్చు. విరిగిన స్ప్రింగు డ్రమ్ము తీయగానే కనిపిస్తుంది.

పని అయ్యాక కొన్ని కిలోమీటర్లు నడిపి, రెండు వెనక చక్రాల దగ్గర చేయి తాకించకుండా వేడిని పోల్చండి. ఒకవైపు ఇంకా ఎక్కువగా ఉంటే కారును మళ్లీ ఎత్తి, ఆ వైపు షూ లివర్‌నే ముందు చూడండి.