పాత స్టూళ్ళు ఎంచుకోవడం – 4వ పాఠం: నలుపు చూసి వయసు కట్టొద్దు

పోయిన పాఠంలో స్టూలును బోర్లించి చూడమన్నాను. చాలామంది చూశారు, ఫోటోలు కూడా పంపారు, సంతోషం. కానీ ఎక్కువ మంది రాసింది ఒకటే మాట: "కింద కూడా నల్లగానే ఉంది మాస్టారూ, అందుకే పాతదని తీసేసుకున్నాం." బ్రాడీపేట నుంచి ఒకావిడ తెచ్చుకున్న స్టూలునైతే తడిగుడ్డతో తుడిస్తే గుడ్డంతా ఎర్రబడిందట. ఈసారి పేము అల్లిక స్టూళ్ళ గురించి చెబుదామనుకున్నాను గానీ, అది వచ్చే వారానికి పెడదాం. ముందు ఈ నలుపు సంగతి తేలాలి.

కాళ్ళు ఊగుతున్నాయా, కూర్చుంటే బరువు ఆగుతుందా అన్నవి మీరే చూసుకుంటారు, వాటి జోలికి పోను.

కింద అంతా ఒకే నలుపు ఉందంటే అక్కడే అనుమానించాలి. వెనకటి వడ్రంగి ఎవరూ చూడని కింది వైపుకి పాలిష్ పెట్టి శ్రమ దండగ చేసుకునేవాడు కాదు. ఆ చెక్క అలాగే గాలికీ దుమ్ముకీ వదిలేసి ఉంటుంది కాబట్టి మసకబారి, పొడిపొడిగా, ఒక్కోచోట ఒక్కో రంగులో కనిపించాలి. జరిపేటప్పుడు వేళ్ళు పట్టే అంచు దగ్గర నల్లటి జిడ్డు మెరుపు, మధ్యలో వెలిసిన గోధుమ రంగు, కాలు కూర్చునే పలకలోకి దిగే మూలల్లో గుడ్డ అందక పేరుకున్న మట్టి. ఇలా ఉంటే నమ్మొచ్చు. బ్రష్షుతో పూసినట్టు ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే రంగు ఉంటే మాత్రం అది స్టెయిన్, అంటే చెక్కకి పూసే రంగు. కొందరైతే బూటు పాలిష్ కూడా రుద్దుతారు. అమ్మేవాళ్ళని అడిగి, కింద ఒక మూల టర్పెంటైన్‌లో ముంచిన దూదితో రుద్ది చూడండి. బూటు పాలిష్ దూదికి అంటుకుని వచ్చేస్తుంది. కొన్ని స్టెయిన్లు టర్పెంటైన్‌కి ఊడవు, కాబట్టి పక్కనే తడి దూదితో కూడా ఒకసారి రుద్దండి. ఆ కాస్త రుద్దడానికి కూడా ఒప్పుకోని కొట్టులో నేను బేరమే మొదలుపెట్టను.

ఇంకో మాట, ఇది చాలామందికి మింగుడుపడదు. పాతబడితే చెక్క నల్లబడుతుందన్నదే సగం నిజం. టేకు కోసిన కొత్తలో మచ్చలుమచ్చలుగా ఉండి, వెలుగు తగిలి బంగారు గోధుమకి తిరుగుతుంది, ఆరుబయట ఎండావానల్లో వదిలేస్తే బూడిద రంగుకి వస్తుంది. రోజ్‌వుడ్ దీనికి పూర్తిగా ఎదురు, ఏళ్ళ తరబడి ఎండ తగిలితే వెలిసిపోతుంది. కిటికీ పక్కన ఉన్న పాత రోజ్‌వుడ్ స్టూలు పైన లేతగా, కింద ముదురుగా ఉంటే అది సహజమే. దాన్ని "రంగు పోయింది" అని వదిలేసి, పక్కనే స్టెయిన్ కొట్టిన మామిడి చెక్క స్టూలుకి ఎక్కువ డబ్బు ఇచ్చి రావడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. జోధ్‌పూర్ వైపు నుంచి మామిడి చెక్కతో పాత మోస్తరు సామాను కొత్తగా చేసి పంపుతారు. కొత్తదని చెప్పి అమ్మితే అందులో తప్పేమీ లేదు, చెప్పకపోతేనే తప్పు.

మరి వయసు దేన్ని బట్టి పట్టాలి? నేను ముందు టేపు తీస్తాను. చెక్క ఆరేకొద్దీ నార వెంబడి, అంటే చెక్కలో పొడుగునా కనిపించే గీతల వెంబడి, దాదాపు కుంచించుకుపోదు, నారకి అడ్డంగా కుంచించుకుపోతుంది. అందుకే గుండ్రంగా కోసిన పలక ఏళ్ళు గడిచేసరికి ఏ కొంచెమో కోలగా మారుతుంది. 12 అంగుళాల పలకని నార వెంబడి ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలిస్తే రెండు మూడు మిల్లీమీటర్ల తేడా తేలొచ్చు. లేత్ మీద తిప్పిన కాళ్ళదీ ఇదే తీరు. పచ్చి చెక్కతో చేసిన కొత్త స్టూలు కూడా కోలబడుతుంది కాబట్టి ఈ ఒక్కదాన్నే సాక్ష్యంగా తీసుకోవద్దు. కానీ వందేళ్ళదని చెబుతున్న స్టూలు అటూ ఇటూ వెంట్రుకవాసి తేడా లేకుండా గుండ్రంగా ఉంటే ఆ మాట నమ్మకండి. ప్లైవుడ్ పలకకి ఈ తేడా రాదు.

తర్వాత ఫోను టార్చి. పలక కింద ఏటవాలుగా వెలుగు పడేలా పట్టుకుని వేళ్ళతో తడమండి. చేత్తో చిత్రిక పట్టిన చెక్క మీద పల్లపు చారలు అలలుగా తగులుతాయి, మిషను పట్టింది చదునుగా జారిపోతుంది. వంపు గీతలు కనిపిస్తే అది గుండ్రటి మిషను రంపం కోత.

తల మీద ప్లస్ గుర్తు గాడి ఉన్న స్టార్ స్క్రూ చూడగానే "కొత్తది" అని వదిలేయకండి. ఆ స్క్రూ 1930ల నడుమ వచ్చింది, 1936లో అమెరికాలో పేటెంటు అయింది. అంతకుముందే చేసిన స్టూలుకి అది పుట్టుకతో ఉండదు గానీ మరమ్మతులో పడి ఉండొచ్చు. పక్కన పాత మేకు బెజ్జం ఉందేమో చూడండి.

పుచ్చు బెజ్జాల గురించి కూడా అడిగారు. బెజ్జం చుట్టూ లేత రంగు పొడి రాలుతుంటే పురుగు ఇంకా లోపలే ఉంది, ఆ స్టూలు ఇంట్లోకి తేవద్దు, ఎంత ముచ్చటగా ఉన్నా సరే. బెజ్జాల బదులు చెక్క పైనే కాలవల్లా పొడవాటి గాడులు కనిపిస్తే, పురుగు తిన్న తర్వాత ఆ చెక్కని కోశారన్నమాట. అంటే పడగొట్టిన ఇంటి గుమ్మమో దూలమో కోసి ఈమధ్య చేసిన స్టూలు. చెక్క పాతదే, స్టూలు కొత్తది. మన బెజవాడ, గుంటూరుల్లో పాత మిద్దెలు తీసి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు కాబట్టి అలాంటి చెక్కకి కొదవ లేదు. నాకైతే అవి ఇష్టమే, మంచి టేకు దొరుకుతుంది, కానీ కొత్త స్టూలు ధరే ఇస్తాను.

"యాంటిక్" అన్న మాట మీద ఒక హెచ్చరిక. మామూలుగా వందేళ్ళు దాటితేనే ఆ మాట వాడతారు, అంతకు లోపలివి వింటేజ్. 1972 నాటి పురావస్తు చట్టం కూడా సామాన్యంగా వందేళ్ళే గీత పెట్టింది, ఆ గీత దాటిన పురావస్తువుని మనలాంటివాళ్ళం దేశం బయటికి పంపకూడదు. అమెరికాలో ఉన్న అమ్మాయికి తాతగారి స్టూలు కంటైనర్లో పంపుదామనుకుంటున్నవాళ్ళు ముందు పురావస్తు శాఖని అడగండి.

ఇక ఎంపిక. మాచర్ల బండలు పరిచిన పాత ఇంట్లో ఉంటే నా ఓటు ముక్కాలి స్టూలుకే, నేల ఎగుడుదిగుడైనా గడగడలాడదు. వంటగట్టు దగ్గర కూర్చోవడానికైతే గట్టు ఎత్తులోంచి 10 నుంచి 12 అంగుళాలు తీసేసి ఆ ఎత్తు స్టూలు వెతకండి. మామూలు 18 అంగుళాల పాత స్టూలు అక్కడికి చాలదు, దానికి కాళ్ళు అతికించి పాడుచేయొద్దు. తెచ్చిన రోజే సాండ్ పేపర్ పట్టకండి. పైన ఉన్నది లక్క పాలిషో కాదో తెలుసుకోవాలంటే కింద కారిన పాలిష్ మరక మీద స్పిరిట్ చుక్క వేయండి, జిగటబడితే లక్కే. అప్పుడు కొంచెం మైనం రుద్దితే చాలు, మెలమైన్ పాలిష్ కొట్టించాల్సిన పని లేదు.

అభ్యాసం: ఈ వారం ఏమీ కొనొద్దు. చెక్క పలక ఉన్న గుండ్రటి స్టూళ్ళు మూడు వెతకండి, ఒకటి కొత్తది, ఒకటి మీ పెద్దవాళ్ళ ఇంట్లోది, ఒకటి ఎక్కడిదైనా, వీధి చివర టైలరు కొట్టులోదైనా ఫరవాలేదు. ఒక్కోదాన్నీ నార వెంబడి, అడ్డంగా కొలిచి రాసుకోండి. కింది వైపు బొమ్మ గీసి, ఎక్కడ ముదురు, ఎక్కడ లేత, ఎక్కడ జిడ్డు, ఎక్కడ రంపం గీతలు అన్నీ గుర్తుపెట్టండి. ముందువైపు అడ్డకర్ర మీద పాదాలు ఆనిన అరుగుదల ఉందా, ఏ వైపు ఎక్కువగా ఉందో కూడా రాయండి. ఫోటోలు వద్దు, బొమ్మలూ కొలతలే పంపండి. కొలవడానికి స్టీలు టేపు వాడండి, గుడ్డ టేపు సాగుతుంది, మనం వెతికే రెండు మిల్లీమీటర్లూ అందులోనే పోతాయి.