పాత కంప్యూటర్‌కి పెద్ద మానిటర్, తేలికైన ఎడిటర్ ఎలా అమర్చుకోవాలి?

కోర్ టూ డుయో ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్ ఉన్న పాత డబ్బా కూడా తెలుగు టైపింగ్‌కి చక్కగా పనికొస్తుంది. దాన్ని పాత సామాన్లవాడికి వేయకండి.

మానిటర్ 24 అంగుళాలది, 1920×1080 రిజల్యూషన్‌ది తీసుకోండి. 27 వద్దు. చుక్కలు (పిక్సెళ్లు) అవే, తెర పెద్దది. 24లో అంగుళానికి సుమారు 92 ఉండేవి 27లో 82కి తగ్గుతాయి. 'లక్ష్మి'లో వత్తులు చెదిరినట్టు కనిపిస్తాయి. రాజమండ్రిలో కొన్నా, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి సెకండ్‌హ్యాండ్‌ది తెప్పించుకున్నా, పాత కంప్యూటర్‌కి ఉండే వీజీఏ సాకెట్ (మరలతో బిగించే పాతరకం తెర కేబుల్‌ది) మానిటర్ వెనక కూడా ఉన్నదైతే మేలు.

అందరూ పాడుచేసేది కేబుల్ దగ్గరే. మానిటర్‌కి హెచ్‌డీఎంఐ (కొత్తరకం సాకెట్) మాత్రమే ఉంటే షాపువాళ్లు చేతిలో ఓ కన్వర్టర్ పెడతారు. నూటికి తొంభైసార్లు అది హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చేది. మనకి కావాల్సింది వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి, యూఎస్‌బీ కరెంటుతో పనిచేసేది. తిరగేసి పెడితే బొమ్మ రాదు. పెట్టె మీద బాణం ఎటుందో చూశాకే డబ్బులివ్వండి.

వీజీఏ సాకెట్ ఉంటే నేరుగా కేబుల్ పెట్టేయండి, అదే మంచిది. ముందు కంప్యూటర్ ఆపి సాకెట్ చూడండి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి పిన్నులు చిలుం పడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక కేబుల్ పెట్టి రెండు మరలూ బిగించండి. చవక కేబుళ్లలో కొన్ని పిన్నులు ఉండవు. అప్పుడు మానిటర్ ఏదో కంప్యూటర్‌కి తెలియక 1024×768 దగ్గరే ఆగిపోతుంది. కేబుల్ మార్చండి, గ్రాఫిక్స్ డ్రైవర్ (తెర మీద బొమ్మని నడిపే సాఫ్ట్‌వేర్) వేయండి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1920×1080, 60 హెర్ట్జ్ కనిపించేదాకా వదలొద్దు.

తర్వాత తెల్లటి పేజీని తెరనిండా తెరిచి, మానిటర్ మీద ఆటో బటన్ నొక్కండి. నల్లటి వాల్‌పేపర్ మీద నొక్కితే దానికి అంచులు దొరకవు, బొమ్మ పక్కకి జరుగుతుంది. ఇంకా మసకగా ఉంటే మానిటర్ మెనూలో ఫేజ్ అనే సెట్టింగ్‌ని ఒక్కో అంకె జరుపుతూ గుడి, ఏత్వం విడివిడిగా కనిపించేదాకా చూడండి.

అక్షరాలు చిన్నవైపోయాయని రిజల్యూషన్ తగ్గించేవాళ్లని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. చెయ్యొద్దు! స్కేలింగ్ (అక్షరాల సైజు పెంచే సెట్టింగ్) 125 శాతం పెట్టండి, లేదా ఎడిటర్‌లో ఫాంట్ పెంచండి.

ఎడిటర్, అంటే టైపు చేసుకునే ప్రోగ్రామ్, విండోస్‌లో నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్, లినక్స్‌లో జీనీ. వీఎస్ కోడ్ అనే ఎడిటర్ మంచిదని పిల్లలు చెబుతారు. దాని కడుపులో ఒక బ్రౌజరే ఉంది, 2 జీబీ మెషీన్ దాన్ని మోయలేదు. టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) నడిచే విమ్ ఎడిటర్ వేగమైనదే, కానీ చాలా టెర్మినళ్లలో తెలుగు వత్తులు సరిగ్గా అతకవు. విండోస్ 7లో గౌతమి, ఆ తర్వాత వచ్చినవాటిలో నిర్మల యూఐ ఫాంట్ పెట్టండి. ఎన్‌కోడింగ్ (ఫైల్‌లో అక్షరాలని దాచే పద్ధతి) యూటీఎఫ్-8లోనే ఉంచండి. తెలుగు పట్టని పాత పద్ధతి ఆన్సీలో సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది, ఫైల్ మూసేశాక ఆ అక్షరాలు తిరిగి రావు.