లినక్స్‌లో హార్డ్ డిస్కు నత్తనడక నడుస్తోందా? ముందు కేబుల్ చూడండి

మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు. ఆఫీసులో లెక్కలు చూసే పాత కంప్యూటర్ లినక్స్‌తో నడుస్తోంది. తూకాల ఫైలు నొక్కి టీ తాగి వచ్చినా తెరుచుకోవడం లేదని గుమాస్తా గోల. ‘‘డిస్కు పోయిందండీ, కొత్తది తెప్పిస్తున్నాం’’ అన్నారు. ఒక్క గంట ఆగమన్నాను. ఆ గంటలో చేసిన పనులే ఇవి.

ముందుగా ముఖ్యమైన ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. డిస్కు నిజంగానే పోతూ ఉండవచ్చు కదా!

తర్వాత వేగం కొలవాలి. టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీలో, ‘ఎల్ఎస్‌బీఎల్‌కే’ కొడితే డిస్కు పేరు తెలుస్తుంది. చాలాచోట్ల అది ‘ఎస్‌డీఏ’. మిగతా ప్రోగ్రాములన్నీ మూసి, ‘సుడో హెచ్‌డీపార్మ్ -టీ /డెవ్/ఎస్‌డీఏ’ అని ఇంగ్లిషు చిన్న అక్షరాలతో కొట్టి రెండు మూడు సార్లు నడపండి. ‘సుడో’ అంటే అడ్మిన్ హక్కులతో నడపమని. తిరిగే డిస్కుకు సెకనుకు 100 మెగాబైట్ల చుట్టుపక్కల వస్తే దిగులు లేదు. మిల్లులో 6 వచ్చింది.

ఇప్పుడు ‘సుడో డీఎంఈఎస్‌జీ’ నడిపితే లినక్స్ రాసుకున్న సందేశాలు వస్తాయి. వాటిలో ‘సాటా లింక్ అప్’ అన్న వరుస వెతకండి. సాటా అంటే డిస్కును మదర్‌బోర్డుకు కలిపే దారి. పక్కన 1.5, 3 లేదా 6 గిగాబిట్లు అని ఉంటుంది. అంటే సెకనుకు సుమారు 150, 300, 600 మెగాబైట్లు. 3 కనిపిస్తే కంగారు వద్దు, తిరిగే డిస్కు అంత వేగాన్ని కూడా పూర్తిగా వాడుకోలేదు. భయపడవలసింది ‘హార్డ్ రీసెట్టింగ్ లింక్’ అన్న మాట పదేపదే కనిపించినప్పుడు. తప్పులు పెరిగితే లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్ తనంతట తానే వేగం తగ్గించేస్తుంది. పైగా జవాబు రాని ప్రతి ఆదేశానికీ మామూలుగా 30 సెకన్లు ఎదురుచూస్తుంది. గుమాస్తా టీ సమయమంతా పోయింది అక్కడే.

తప్పు డిస్కుదా, దారిదా? డిస్కు ఆరోగ్యం చూపే స్మార్ట్‌మాన్‌టూల్స్ ప్యాకేజీ వేసుకుని ‘సుడో స్మార్ట్‌సీటీఎల్ -ఏ /డెవ్/ఎస్‌డీఏ’ నడపండి. ఇక్కడ ‘ఏ’ పెద్ద అక్షరం. వచ్చే పట్టికలో 199వ అంశం చూడండి, యూడీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్. దారిలో చెడిపోయిన డేటా లెక్క అది. చివరి గడిలోని అంకె పెరుగుతూ పోతుంటే ఎక్కువసార్లు దోషం కేబుల్‌దో, సాకెట్‌దో. కేబుల్ మార్చినా ఆ అంకె సున్నాకు రాదు. పెరగకుండా ఆగితే చాలు.

కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, పెట్టె విప్పాను. లోపలంతా తవుడు ధూళి. సాటా కేబుల్ కొస వదులుగా వేలాడుతోంది. కొత్త కేబుల్ బిగించాను.

సాటాకు ముందటి ఐడీఈ కాలపు యంత్రమైతే వెడల్పాటి కేబుల్‌లో 80 తీగలుండాలి. 40 తీగలదైతే వేగం యూడీఎంఏ 2 అనే మోడ్ దగ్గర, అంటే సెకనుకు 33 మెగాబైట్ల దగ్గర ఆగిపోతుంది. డీఎంఏ (డేటాను ప్రాసెసర్ మోయకుండా నేరుగా మెమరీకి పంపే పద్ధతి) కోసం హెచ్‌డీపార్మ్‌కు ‘-డీ1’ ఇమ్మనే పాత సలహాలు ఇప్పుడు పనిచేయవు. ఆ పాత ఐడీఈ డ్రైవర్లను 2021లో వచ్చిన 5.14 కెర్నల్ నుంచి తీసేశారు. హెచ్‌డీపార్మ్‌లో మోడ్ మార్చే ‘-ఎక్స్’ జోలికి మాత్రం వెళ్లకండి, తప్పు మోడ్ పెడితే ఫైళ్లు పాడవుతాయి.

199వ అంకెను పెట్టె మీద సుద్దముక్కతో రాసి వచ్చాను. నెల తర్వాత వెళ్లి చూస్తే అదే అంకె.