బెంగళూరులో క్లాట్ రాస్తున్నారా? ఆ రోజు ఇలా ప్లాన్ చేసుకోండి

జాతీయ లా యూనివర్సిటీల్లో సీటు కోసం రాసే క్లాట్ పరీక్ష మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా. పొద్దున్నే పరుగులు ఉండవు కదా అని అందరూ నిదానంగా ఉంటారు. పిల్లలు తడబడేది అక్కడే.

ముందుగా అడ్మిట్ కార్డు రెండు ప్రింట్లు తీసి, సెంటర్ చిరునామా పిన్‌కోడ్ దాకా చదవండి. ఇక్కడ ఒకే పేరుతో రెండు మూడు క్యాంపస్‌లున్న కాలేజీలు చాలా ఉన్నాయి. హిందూపురం నుంచి వచ్చిన మా అక్క కూతుర్ని నేనే ఆటోలో తీసుకెళ్లాను. మ్యాప్‌లో కాలేజీ పేరు కొట్టానే గానీ ఏరియా చూడలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ కార్డు చూసి, "ఇదల్ల, ఇన్నొందు క్యాంపస్" (ఇది కాదు, ఇంకో క్యాంపస్) అన్నాడు. గంటన్నర ముందు బయల్దేరాం కాబట్టి బతికిపోయాం. వీలైతే ముందురోజు శనివారమే ఒకసారి వెళ్లి గేటు చూసి రండి. మెట్రోలో వెళ్తే పర్పుల్, గ్రీన్ లైన్లు మారేది మెజెస్టిక్‌లో. ఆ మెట్లకూ జనానికీ కొంత టైం పోతుంది.

రాత్రి బస్సులో వచ్చేవాళ్లు లగేజీ ఎక్కడ పెట్టాలో ముందే చూసుకోండి. హాల్లోకి బ్యాగు, ఫోను రానివ్వరు. అడ్మిట్ కార్డు, ఒరిజినల్ ఐడీ, నీలం లేదా నలుపు బాల్ పెన్నులు రెండు ఉంటే చాలు. మిగతా నియమాలు కార్డు మీదే ఉంటాయి, చదవండి.

ఇక తిండి. ఆంధ్రా మెస్సు కనిపించిందని పన్నెండింటికి గోంగూర, పప్పు, నెయ్యితో ఫుల్ మీల్స్ లాగిస్తే మూడింటికి రెప్పలు వాలిపోతాయి. పదకొండున్నరకు ఇడ్లీలో, కొంచెం పప్పన్నమో చాలు. మీల్స్ సాయంత్రం తిందురు గానీ.

హాల్లో అసలు చిక్కంతా జవాబులకు బబుల్స్ దిద్దే ఓఎంఆర్ షీటుతోనే. 120 ప్రశ్నలు, 120 నిమిషాలు. తప్పుకు పావు మార్కు కోత. బబుల్స్ అన్నీ చివర్లో నింపుదాం అనుకోకండి. ఒక ప్యాసేజీ, దాని కింది ప్రశ్నలు అవగానే ఆ జవాబులు దిద్దేయండి. 37వ ప్రశ్న వదిలేశారనుకోండి, 38వ జవాబు 37లో పడిందంటే అక్కడి నుంచి వరసంతా జారిపోతుంది, బాల్ పెన్నును చెరపలేం. అందుకే ప్రతి ప్యాసేజీ మొదట్లో పేపరు మీది నంబరూ షీటు మీది నంబరూ ఒకటేనా అని చూసుకోవాలి.

ఇంకో మాట. నాలుగింటికి అందరూ ఒకేసారి బయటికొస్తారు, మీ దగ్గర ఫోనుండదు. ఎక్కడ కలవాలో ఇంట్లోవాళ్లతో లోపలికి వెళ్లేముందే అనుకోండి. మేమైతే గేటుకు ఎడమ పక్కన ఎళనీరు (కొబ్బరిబోండాల) బండి దగ్గర అనుకున్నాం.