అమెరికాలో మార్చురీ సైన్స్: వైజాగ్ స్టూడెంట్స్‌కి ట్రైనీ లైసెన్స్ దరఖాస్తు ఎలా

మార్చురీ సైన్స్ అంటే శవాల్ని పాడవకుండా సిద్ధం చేసి అంత్యక్రియలు జరిపించే పని నేర్పే కోర్సు. దీనికి ముందు స్టేట్ ఫిక్స్ చేస్కోండి, కాలేజీ తర్వాత. ద్వారకానగర్‌లో ఏ కన్సల్టెన్సీకెళ్లినా ఎంఎస్‌కి ఇచ్చినట్టే యూనివర్సిటీల లిస్టు చేతిలో పెడతారు గానీ ఈ కోర్సుకి అది పనికిరాదు, ఎందుకంటే లైసెన్స్ ఇచ్చేది ఏ స్టేట్‌కి ఆ స్టేట్ బోర్డే, ఒకళ్ల రూల్‌కి ఇంకొకళ్ల రూల్‌కి పొంతనుండదు.

కాలిఫోర్నియాలో ఎంబామర్ (శవం పాడవకుండా కెమికల్స్ ఎక్కించేవాళ్లు) అవ్వాలంటే అప్రెంటిస్‌గా, అంటే ట్రైనీగా రెండేళ్లు చెయ్యాలి, సూపర్‌వైజర్ కింద కనీసం 100 బాడీల ఎంబామింగ్‌లో పని చేసుండాలి. న్యూయార్క్‌లో ఈ ట్రైనింగ్‌ని రెసిడెన్సీ అంటారు, అది ఒక్క ఏడాదే. టెక్సాస్‌లో ట్రైనీ లైసెన్స్‌ని ప్రొవిజనల్ లైసెన్స్ అంటారు, తక్కువలో తక్కువ 12 నెలలు. ఇప్పుడు మీ ఎఫ్-1 స్టూడెంట్ వీసా సంగతి చూడండి, చదువయ్యాక పని చెయ్యడానికిచ్చే ఓపీటీ పర్మిషన్ 12 నెలలే, ఈ కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) లిస్టులో లేదు కాబట్టి కంప్యూటర్స్ వాళ్లకొచ్చే 24 నెలల ఎక్స్‌టెన్షన్ మీకు రాదు. చదువుతుండగానే కోర్సులో భాగంగా పని చెయ్యడానికి సీపీటీ అనే పర్మిషన్ వాడుకోవచ్చు కానీ మామూలుగా ఒక అకడమిక్ ఇయర్ అయ్యాకే ఇస్తారు, పైగా ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు వాడేశారా, ఆ డిగ్రీ లెవెల్‌కి ఓపీటీ పోయినట్టే. రెండేళ్ల అప్రెంటిస్ ఇందులో ఎక్కడ పడుతుందో ఫీజు కట్టకముందే లెక్కేస్కోండి. కాలిఫోర్నియాలో ఫ్యునెరల్ డైరెక్టర్ (అంత్యక్రియల ఏర్పాట్లు చూసేవాళ్లు) లైసెన్స్ మాత్రం వేరు, దానికి అప్రెంటిస్ గొడవ లేదు.

సరే, స్టేట్ తేలింది. కాలేజీకి ఏబీఎఫ్‌ఎస్‌ఈ (ఈ కోర్సులకి గుర్తింపిచ్చే అమెరికా సంస్థ) గుర్తింపు ఉందో లేదో వాళ్ల లిస్టులోనే చూడండి, ఏజెంట్ మాట నమ్మొద్దు. ఏయూ డిగ్రీ అయితే ట్రాన్స్‌క్రిప్ట్‌లకి ముందే పెట్టండి, కాలేజీ అడిగితే క్రెడెన్షియల్ ఇవాల్యుయేషన్ (మన డిగ్రీ అక్కడి దేనికి సమానమో చెప్పే రిపోర్టు) కూడా. ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే అడ్మిషన్ ఫారం) వచ్చాక వీసా ఇంటర్వ్యూ మనకి హైదరాబాద్‌లోనే. ఆఫీసర్ ఈ కోర్సే ఎందుకని అడిగితే (ఇంట్లో ఎలాగూ అడుగుతారు) సూటిగా చెప్పండి, మన దగ్గర ఎంబామింగ్ ఎక్కువగా మెడికల్ కాలేజీ అనాటమీ వాళ్లే చేస్తారు, దీనికంటూ విడిగా లైసెన్స్ బోర్డు లేదు.

అసలు దరఖాస్తు అక్కడికెళ్లాకే. ముందు మిమ్మల్ని తీసుకునే ఫ్యునెరల్ హోమ్ దొరకాలి, అందులో లైసెన్స్ ఉన్న సూపర్‌వైజర్ ఉండాలి. జీతం వచ్చే పనైతే కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసు దగ్గర సీపీటీ ఓకే చేయించుకోండి, బోర్డు రిజిస్ట్రేషన్ వేరు, వీసా పర్మిషన్ వేరు, ఒకటుంది కదా అని రెండోది లేకుండా పన్లోకి దిగితే వీసా స్టేటస్‌కే ఎసరు. తర్వాత బోర్డు ఫారం, ఫీజు, ఫింగర్‌ప్రింట్స్. రిజిస్ట్రేషన్ చేతికొచ్చాకే పని మొదలుపెట్టండి, ముందు చేసింది లెక్కలోకొస్తుందని ఆశ పెట్టుకోకండి. చేసిన కేసులన్నీ రాసుకుని సూపర్‌వైజర్ సంతకం ఎప్పటికప్పుడు తీస్కోండి, ఫ్యునెరల్ హోమ్ మారితే బోర్డుకి చెప్పండి.

హెపటైటిస్ బి టీకా ఎంప్లాయరే ఫ్రీగా ఇవ్వాలి, అది అక్కడ రూలు. ఎంబామింగ్‌లో వాడే కెమికల్ ఫార్మాల్డిహైడ్, గాలిలో 8 గంటల సగటు 0.75 పీపీఎం (పది లక్షల్లో 0.75 వంతు) దాటకూడదు. అడగడానికి మొహమాటపడకండి.

లైసెన్స్ కోసం రాసే నేషనల్ బోర్డ్ ఎగ్జామ్ రెండు భాగాలు, ఆర్ట్స్, సైన్సెస్, పాస్ స్కోరు 75. దాంతో పాటు చాలా స్టేట్స్‌లో వాళ్ల చట్టం మీద ఇంకో పరీక్ష ఉంటుంది. కొలరాడోలో లైసెన్సే అక్కర్లేదని పాత వీడియోలు తిరుగుతుంటాయి, అక్కడ 2024లో చట్టం మారింది, 2027 నుంచి అక్కడా లైసెన్స్ ఉండాల్సిందే.